నెట్‌లో ఉన్న పుస్తకం పిల్లల చేతికి రావాలంటే

కందుకూరు దగ్గర ఓగూరులో 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు ఒక భాష తర్వాత ఒక భాష నేర్చుకుంటూ పైకి వచ్చిన మనిషి. కంపెనీ దొరల దగ్గర చిన్న కొలువులతో మొదలుపెట్టి అప్పటి పై కోర్టు అయిన మద్రాసు సదర్ అదాలత్‌లో అనువాదకుడి దాకా ఎదిగారు. తన జీవితకథను ఇంగ్లిష్‌లో రాసిపెట్టుకున్నారు. 1839లో ఆయన పోయారు. ఎన్నో ఏళ్ల తర్వాత 1873లో కొడుకు దాన్ని మద్రాసులో అచ్చు వేయించారు. తెలుగువాళ్లు రాసుకున్న తొలి ఆత్మకథల్లో అది ఒకటి. అందులో పిల్లల చదువుల ప్రస్తావన కూడా ఉంది. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడిగా ఆయన నాటి బడుల తీరు మీద ఒక నివేదిక ఇచ్చారు. పిల్లలకు పాఠం నోటికి వస్తోంది గానీ అర్థం తెలియడం లేదన్నది అందులో ఆయన ప్రధానమైన ఫిర్యాదు.

ఈ పుస్తకాన్ని ఇవాళ ఎవరైనా ఇంటర్నెట్‌లో పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. అయినా కందుకూరు, ఒంగోలు బడుల్లో దీని పేరు విన్న పిల్లలు అరుదు. అడ్డంకి చాలా చిన్నచోట మొదలవుతుంది. ఆ కాలపు ఇంగ్లిష్ అలవాటు ప్రకారం అట్ట మీద ‘కంటి’ కాస్తా ‘కుంటి’లా, ‘సుబ్బారావు’ కాస్తా ‘సూబ్ రో’లా అచ్చయింది. ఇప్పుడు మనం రాసుకునే స్పెల్లింగుతో వెతికినా, తెలుగు లిపిలో వెతికినా పుస్తకం సులువుగా బయటపడదు. పుస్తకం సంగతి ముందే తెలిసినవాళ్లకు మాత్రం దొరుకుతుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు సంబంధించి నెట్‌లో పోగుపడిన పుస్తక సంపద తక్కువేమీ కాదు. పిల్లలకు తెలుగులో చదువుకోడానికి ఉచితంగా దొరికే కథలూ తక్కువ కాదు. ఫోన్లు ఇళ్లలో ఉన్నాయి. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు కూడా ఇచ్చింది. వీటి మధ్య కరువైంది మనిషి. ఆ కుప్పలోంచి పనికొచ్చేది ఏరి, పిల్లవాడి స్థాయికి తగినట్టు చూసి, చేతికిచ్చి, పక్కన కూర్చుని చదివించే మనిషి. ఒకప్పుడు ఈ పని గ్రంథాలయాలు చేశాయి. ఇప్పుడు కూడా ఆ పని చేయగలిగేది అవే. నెట్ వచ్చాక వాటి అవసరం తీరిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు.

ఏమేం ఉన్నాయి

ముందు ఇక్కడి సరుకు ఎలాంటిదో చూడాలి. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. అప్పటి నెల్లూరు జిల్లా చాలా పెద్దది. తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు కూడా ఆ పుస్తకంలోకి వచ్చాయి. శాసనాలను తాలూకాలవారీగా, ఊళ్లవారీగా సర్దారు. ఆత్మకూరు వైపు పిల్లవాడైనా, ఉదయగిరి వైపు పిల్లయినా తమ తాలూకా పేజీలు తిప్పితే తెలిసిన ఊళ్ల పేర్లు వరసగా కనిపిస్తాయి. ఏ గుడి ముందు రాయి మీద ఏముందో, ఎవరు ఎవరికి ఎంత పొలం ఇచ్చారో, ఏ చెరువు ఎవరు తవ్వించారో ఉంటుంది. చరిత్ర పాఠమంటే ఢిల్లీ సుల్తానులు, మొగలులు అనుకునే పిల్లలకు, రోజూ ఆడుకునే గుడి అరుగు పక్కనున్న రాయి కూడా చరిత్రేనని చెప్పడానికి ఇంతకంటే మంచి పుస్తకం దొరకదు. అంతకు ముందే, 1873లో, బాస్వెల్ అనే అధికారి తయారు చేసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ ఉంది. అదీ ఉచితమే.

రెండోది భద్రిరాజు కృష్ణమూర్తి గారి పని. ప్రపంచానికి తెలిసిన ఈ భాషా శాస్త్రవేత్త 1928లో ఒంగోలులో పుట్టారు. ఆయన ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో, రెండో సంపుటం 1971లో చేనేత పదాలతో వచ్చాయి. ఊరూరా తిరిగి, రైతు నాగలిలో ఏ భాగాన్ని ఏమంటాడో, నేతగాడు మగ్గంలో దేన్ని ఏమంటాడో అడిగి రాసుకున్న పుస్తకాలవి. చీరాల, వేటపాలెం, వెంకటగిరి వైపు మగ్గాల ఇళ్లలో పెరిగే పిల్లలకు అమ్మా నాన్నా రోజూ వాడే మాటలు పాఠ్యపుస్తకంలో కనిపించవు. ఆ రెండో సంపుటంలో ఉంటాయి. ఇంట్లో మాటకు అచ్చులో చోటుందని తెలిసిన పిల్లకు బడి భాష మీద భయం కొంత తగ్గుతుంది. తెలుగు పాఠం చెప్పే టీచర్లు ఈ ఒక్క పుస్తకాన్ని క్లాసులోకి తెచ్చినా చాలు, ఎంతో మారుతుంది. అమ్మమ్మను అడిగి ఇంకో పది మాటలు రాసుకురమ్మంటే పిల్లలు ఉత్సాహంగా రాసుకొస్తారు.

టంగుటూరి ప్రకాశం గారి ‘నా జీవిత యాత్ర’ను ఉచిత పుస్తకాల సైట్ తెలుగు వికీసోర్స్‌లో చదువుకోవచ్చు. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టిన మనిషి, ఆయన పేరే జిల్లాకు పెట్టారు. పిల్లలకు మాత్రం ఆయన విగ్రహంగా తెలుసు. చదువుకోడానికి ఆయన పడ్డ ఇబ్బందులు, నాటకాల పిచ్చి, పేదరికం అన్నీ ఆయన మాటల్లోనే ఉన్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలు హాయిగా చదవగలిగిన తెలుగు అది.

పాత పత్రికల సంగతి వేరే చెప్పాలి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక లాంటి వాటిని ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి నెట్‌లో పెట్టింది. స్వాతంత్ర్యానికి ముందు నుంచీ నెల్లూరు నుంచి వస్తున్న ‘జమీన్ రైతు’ పాత సంచికలు కూడా స్కాన్ అయ్యాయి. ఇక 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ పాత సంచికలు ఎందరో అభిమానులు భద్రపరిచి ఎక్కించారు. అమ్మానాన్నలు చిన్నప్పుడు చదివిన బొమ్మల కథను పిల్లలకు చూపించాలనుకుంటే రెండు నిమిషాల పని.

ఉన్నా ఎందుకు దొరకవు

2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో దేశమంతా పుస్తకాలను పెద్దఎత్తున స్కాన్ చేశారు. వేల తెలుగు పుస్తకాలు అలా బతికాయి. ఆ పని జరక్కపోతే వాటిలో చాలా భాగం చెదలపాలయ్యేవి. అయితే పుస్తకాల పేర్లు ఎక్కించే పద్ధతి మాత్రం పాఠకుడిని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో, దీర్ఘం వచ్చినచోట అచ్చును రెండుసార్లు కొట్టి, సున్నాకు ఇంకేదో గుర్తు పెట్టి ఎక్కించారు. ఒకే పుస్తకం రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తుంది. కొన్నింటికి రచయిత పేరు సగమే ఉంటుంది. కొన్నింటికి అసలు ఉండదు. మామూలుగా మనం మెసేజ్‌లలో తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే తీరుతో వెతికితే ఫలితం సున్నా.

ఇంకో చిక్కు స్కాన్ స్వభావంలోనే ఉంది. స్కాన్ చేసిన పేజీ కంప్యూటర్ దృష్టిలో ఒక ఫొటో. అందులో అక్షరాలున్నాయని దానికి తెలియదు. తెలుగు అచ్చును గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఈ మధ్య బాగా మెరుగుపడింది గానీ, పాత అచ్చులో ఒత్తులు చెదిరిపోయి, సిరా పాకిపోయి ఉన్నచోట ఇంకా తడబడుతుంది. అందుకే తెలుగు వికీసోర్స్‌లో పనిచేసేవాళ్లు ఒక్కొక్క పేజీనీ కళ్లతో చూసి, తప్పులు దిద్ది, అక్షరాలుగా మారుస్తున్నారు. అలా మారిన పుస్తకం తెలుగులో వెతికినా దొరుకుతుంది, ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకుని చదవొచ్చు, చూపులేనివాళ్లకు ఫోనే చదివి వినిపించగలదు. జీతం లేని పని అది. ఈ ప్రాంతపు డిగ్రీ విద్యార్థులు నెలకు కొన్ని పేజీలు దిద్దినా శాసనాల సంపుటాల్లోని తమ తాలూకా భాగం వెలుగులోకి వస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురైన ఉదాహరణ వేటపాలెం. అక్కడి గ్రంథాలయం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1970లో జిల్లా ఏర్పడ్డప్పటి నుంచి వేటపాలెం ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్ల వైపు వెళ్లింది. 1929లో గాంధీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ ఇప్పటికీ భద్రంగా దాచారు. ఈ గ్రంథాలయానికి పేరు తెచ్చింది మాత్రం పాత పత్రికలు. ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు అక్కడికి వస్తారు. పుట్టిన తేదీ సరిగా తెలియని పెద్దలు, ఫలానా సంఘటన జరిగిన వారమే తాము పుట్టామన్న గుర్తుతో పాత పేపర్లు తిరగేయడానికి రావడం కూడా ఉంది. వచ్చినవాళ్లకు పుస్తకం దొరికేది అది అక్కడ ఉండటం ఒక్కదాని వల్ల కాదు. ఏ బీరువాలో ఏముందో తెలిసినవాళ్లు, ‘మీకు కావలసింది ఇదీ’ అని తీసిచ్చేవాళ్లు తరాల తరబడి అక్కడ పనిచేశారు. నెట్‌లోని కుప్పకు అలాంటి మనిషి లేడు. సెర్చ్ చేసే యంత్రం అడిగిన మాటకు జవాబిస్తుంది. అడగడం రాని తొమ్మిదేళ్ల పిల్లకు ఏం కావాలో దానికి తెలియదు.

పిల్లలు చదవడం నేర్చుకునే తీరు

ఇక్కడ కాసేపు ఆగి, ఆ తొమ్మిదేళ్ల పిల్ల ఎక్కడ ఉందో చూడాలి. అసర్ పేరుతో ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి జరిపే సర్వే 2005 నుంచి జరుగుతోంది. పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ఎంతవరకు చదవగలిగితే అంతవరకు గుర్తిస్తారు. 2022 సర్వేలో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథను చదవగలిగినవాళ్లు నూటికి ఇరవై మంది. మన రాష్ట్రంలో నూటికి పది మంది. కోవిడ్‌తో బడులు మూతపడ్డ దెబ్బ అందులో ఉంది, నిజమే. అంతకు ముందు 2018లో కూడా మన అంకె నూటికి ఇరవై మూడు దాటలేదు. సుబ్బారావు గారి ఫిర్యాదు ఇంకా అలాగే ఉందని ఒప్పుకోక తప్పదు.

దీనికి పిల్లల్నీ టీచర్లనీ తిట్టేముందు మన లిపి సంగతి గుర్తుంచుకోవాలి. ఇంగ్లిష్ పిల్లవాడు ఇరవై ఆరు అక్షరాల ఆకారాలు నేర్చుకుంటే చాలు. ఆ తర్వాత స్పెల్లింగుతో తంటాలు పడతాడు, అది వేరే సంగతి. మన పిల్లలకు ముప్పై ఆరు హల్లులకూ పన్నెండేసి గుణింతాలు లెక్కేసుకున్నా నాలుగు వందల ముప్పైకి పైగా ఆకారాలు కళ్లకు అలవాటు కావాలి. ఆపైన ఒత్తులు. ‘క’కు కొమ్ము ఒక తీరు, ‘ప’కు ఇంకో తీరు. ‘ఘ’, ‘ఝ’ లాంటివి వాచకంలో ఎప్పుడో గానీ ఎదురు కావు. మన లిపికి దగ్గరి బంధువైన కన్నడ లిపి మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఇదే చెప్పింది. అక్షరాలన్నీ పిల్లలకు పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా, ఒక్కోసారి ఆ తర్వాతా పడుతోంది. అంటే ఒకటో తరగతిలో గుణింతాలు చెప్పేశాం, అయిపోయింది అనుకోవడానికి లేదు. నాలుగేళ్ల పాటు పిల్లల కళ్ల ముందు అచ్చు తెలుగు మళ్లీ మళ్లీ కనబడుతూ ఉండాలి. పలకలు చేసి దేశమంతటికీ పంపిన మార్కాపురం ఉన్న ప్రాంతం ఇది. పలక మీద దిద్దించే ఓపిక మన ఇళ్లలో ఉంది. దిద్దిన తర్వాత చదవడానికి చేతికి వచ్చే పుస్తకం దగ్గరే పని ఆగిపోతోంది. వాచకం ఒక్కటే ఉంటే అదే పాఠాన్ని పదిసార్లు చదివి పిల్లలు దాన్ని నోటికి నేర్చుకుంటారు. చూసేవాళ్లకు చదువుతున్నట్టే ఉంటుంది. మధ్యలోంచి ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే, మొదటి నుంచి అప్పజెప్పుకుంటూ అక్కడిదాకా వస్తారు.

పుస్తకాల సంఖ్య పెరిగితే ఏమవుతుందో 1980ల మొదట్లో ఫిజీ దీవుల్లో చూశారు. పల్లె బడుల్లో నాలుగు, ఐదు తరగతుల గదుల్లోకి బొమ్మల కథల పుస్తకాలు రెండు వందల యాభై చొప్పున తెచ్చిపెట్టారు. అవి ఇంగ్లిష్ పుస్తకాలు. పిల్లల ఇంటి భాష ఇంగ్లిష్ కాదు. కొన్ని తరగతుల్లో టీచరు పెద్ద పుస్తకం పట్టుకుని అందరితో కలిసి చదివారు, కొన్నింటిలో పిల్లలే రోజూ కాసేపు మౌనంగా చదువుకున్నారు. మామూలు పాఠాల పద్ధతిలో ఉన్న పిల్లల కంటే వీళ్లు దాదాపు రెట్టింపు వేగంతో ముందుకు వెళ్లారని ఎల్లీ, మంగుభాయ్ 1983లో రాశారు. ఇంగ్లిష్ మీడియం పేరు చెప్పి తెలుగు కథల పుస్తకాలను పక్కన పెట్టే తల్లిదండ్రులు ఈ ఫలితాన్ని శ్రద్ధగా చూడాలి. పిల్లల్ని ముందుకు నడిపింది గ్రామర్ ట్యూషన్ కాదు, చదవాలనిపించే కథలు. మన బడుల్లో 2020 నుంచి ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగుగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఆ ఏర్పాటు మంచిదే. ఇంగ్లిష్ పేజీ అర్థం కావడానికి తెలుగు పేజీ గబగబా చదవగలిగిన పిల్లకే దాని లాభం అందుతుంది.

ఇంత అచ్చు తెలుగు ఎక్కడి నుంచి తేవాలంటే, జవాబు నెట్‌లోనే ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. కథలను నాలుగు మెట్లుగా విడదీశారు. మొదటి మెట్టులో పేజీకి ఒకటి రెండు వాక్యాలు, మొత్తం రెండు వందల యాభై మాటలు దాటవు. నాలుగో మెట్టుకు వచ్చేసరికి పదిహేను వందల మాటలు పైబడతాయి. అన్నింటికంటే ముఖ్యమైంది వాటి అనుమతి. ఎవరైనా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోనూవచ్చు. రాసినవాళ్ల పేరు, బొమ్మలేసినవాళ్ల పేరు ఉంచితే చాలు.

అందులోనూ ఏరుకోవాలి. ఎవరైనా అనువాదం చేసి పెట్టే వీలుంది కాబట్టి కొన్ని కథల తెలుగు బిగుసుకుపోయి ఉంటుంది. పిల్లలు ఎప్పుడూ వినని మాటలు, నోరు తిరగని వాక్యాలు కనిపిస్తాయి. పైకి చదివి చూస్తే రెండో పేజీకే తెలిసిపోతుంది. మన చెవికి ఎబ్బెట్టుగా ఉన్నది పిల్లలకు ఇవ్వకూడదు. మొదటి మెట్టు పుస్తకాల్లో సంయుక్తాక్షరాలు ఎక్కువున్నవాటిని కూడా పక్కన పెట్టాలి. ఇంగ్లిష్‌లో తేలిక మాట తెలుగులోకి వచ్చేసరికి మూడు ఒత్తుల మాట అయి కూర్చుంటుంది. పుస్తకం మీద మొదటి మెట్టు అని రాసి ఉన్నా అది మూడో తరగతికి గానీ పనికిరాదు. ఈ తేడా పట్టుకోవడానికి పెద్ద డిగ్రీ అక్కర్లేదు. ఊళ్లో తెలుగు బాగా చదవగలిగిన ఏ అక్కయినా పట్టుకోగలదు. యంత్రం మాత్రం పట్టుకోలేదు.

ఫోన్‌లోనే చదివించొచ్చు కదా, కాగితం ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. 2000 నుంచి 2017 వరకు వచ్చిన యాభై నాలుగు అధ్యయనాలను, లక్షా డెబ్బై వేల మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి డెల్గాడో బృందం 2018లో ఒక విశ్లేషణ ప్రచురించింది. సమాచారం ఉన్న పాఠాలు కాగితం మీద చదివినవాళ్లకు ఎక్కువ అర్థమయ్యాయి, టైం తక్కువున్నప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. కథల విషయంలో తేడా పెద్దగా కనిపించలేదు. కాబట్టి కథ ఫోన్‌లో చదివితే పాడైపోతారన్న భయం అక్కర్లేదు. మన ఇళ్ల పరిస్థితి వేరే ఉంది. ఫోన్ ఒకటే ఉంటుంది, అది నాన్నతో పాటు రొయ్యల చెరువుకో, పొగాకు బ్యారన్‌కో పోతుంది. రాత్రి చేతికి వచ్చినా కథ మధ్యలో వీడియో పిలుస్తుంది. కాగితం పుస్తకానికి చార్జింగ్ అక్కర్లేదు, చెల్లి చింపినా ఇంకోటి అచ్చు వేసుకోవచ్చు.

నెల్లూరు ఒకసారి చూపించింది

చేతికి వచ్చిన పాఠం ఏం చేయగలదో నెల్లూరు జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో ఇక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ‘అక్షర దీపం’ పేరుతో నడిచింది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట దీపం చుట్టూ కూర్చుని వాచకాలు చదివారు. వాటిలో సారా వల్ల కూలిపోయిన సంసారం కథ, ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠం ఉన్నాయి. పాఠం చదివి, ఇది మన ఇంటి కథే కదా అని మాట్లాడుకున్నారు. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఊరి నుంచి ఊరికి పాకిన ఆ పోరాటం ముందు ప్రభుత్వం తలొగ్గింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

ఈ కథను ఆడవాళ్ల పోరాటంగానే చెప్పుకుంటాం, అలా చెప్పుకోవడం న్యాయం. చదువు వైపు నుంచి చూస్తే ఇంకొన్ని కనిపిస్తాయి. ఆ వాచకం రాసినవాళ్లు ఎదుట కూర్చునే మనిషి ఎవరో, ఆమె ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకుని రాశారు. చదవడం ఒంటరిగా జరగలేదు, పదిమందిలో పైకి జరిగింది. చదివాక మాట్లాడుకోడానికి టైం ఇచ్చారు. పాఠం చెప్పిన వలంటీరు అదే ఊరి మనిషి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ డబ్బుతో కొనేది కాదు, నెట్‌లో దించుకునేదీ కాదు. పిల్లల కథల విషయంలో కూడా ఇవే కావాలి.

శాఖా గ్రంథాలయం ఏం చేయొచ్చు

1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అంటే కావలిలోనో, గిద్దలూరులోనో ఇల్లున్న ప్రతి కుటుంబం గ్రంథాలయానికి చందాదారు కిందే లెక్క. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థకు టైంకి జమ చేయకపోవడం రాష్ట్రమంతటా ఉన్న పాత తగువు. కొత్త పుస్తకాల కొనుగోలు ముందుగా దెబ్బతినేది అక్కడే. ఉన్న శాఖల్లోనూ పొద్దున వెళ్తే పేపరు చదివే పెద్దవాళ్లు, మిగతా బల్లల దగ్గర డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుకునే యువతీయువకులు కనిపిస్తారు. వాళ్లకు ఆ చోటు అవసరమే, వాళ్లను కదిలించకూడదు. పిల్లల మూల మాత్రం చాలాచోట్ల తాళం వేసిన బీరువాగా మిగిలింది. 2020లో పాఠశాల విద్యాశాఖ ‘చదవడం మాకిష్టం’ అని కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు కొంత కదలిక వచ్చింది. నవంబరు 14 నుంచి జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పోటీలు, బహుమతులు ఉంటాయి. వారం తర్వాత బీరువాకు మళ్లీ తాళం.

పరిస్థితి మార్చడానికి కొత్త భవనం అక్కర్లేదు. ఒక ప్రింటరు, కాగితం, సాయంత్రం రెండు గంటలు పిల్లలతో కూర్చునే మనిషి ఉంటే ఒక శాఖ మొదలుపెట్టొచ్చు. మొదటి మెట్టు కథ పది పన్నెండు పేజీలుంటుంది. ఏ4 కాగితానికి రెండేసి పేజీలు వచ్చేలా రెండు వైపులా ముద్రిస్తే నాలుగు కాగితాల లోపు అయిపోతుంది. మధ్యకు మడిచి దారంతో కుట్టినా సరే, స్టేపుల్ చేసినా సరే. బొమ్మలు నలుపు తెలుపులో వచ్చినా పిల్లలు రంగులేసుకుంటారు. ఒకటో మెట్టుకు ఎర్ర చుక్క, రెండో మెట్టుకు పచ్చ చుక్క పెడితే ఏది ఎవరికన్నది వాళ్లే తెలుసుకుంటారు. పెద్దపిల్లలకు శాసనాల సంపుటంలోంచి సొంత ఊరి పేజీ ఒక్కటి ముద్రించి గోడకు అంటించాలి. కింద తేలిక తెలుగులో నాలుగు వాక్యాలు రాసే పని తొమ్మిదో తరగతి పిల్లలకే ఇవ్వొచ్చు.

ఏది అచ్చు వేయొచ్చు, ఏది వేయకూడదు అన్న దగ్గర జాగ్రత్త కావాలి. మన కాపీరైట్ చట్టంలో రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ల వరకు హక్కులుంటాయి. ప్రకాశం గారు 1957లో పోయారు కాబట్టి ఆయన రాసిన ‘నా జీవిత యాత్ర’ మూడు భాగాలూ ఎవరైనా ముద్రించుకోవచ్చు. నాలుగో భాగం ఆయన రాసింది కాదు, తెన్నేటి విశ్వనాథం గారిది. ఆయన 1979లో పోయారు. దానికి 2039 చివరిదాకా ఆగాలి. నెట్‌లో కనిపించినంత మాత్రాన చందమామ సంచికలను కుట్టి పంచడం కుదరదు, తెర మీద చూపించి ఊరుకోవాలి. 1905 శాసనాల సంపుటాలకు ఏ అడ్డూ లేదు.

కాగితం, సిరా ఖర్చు ఎవరిదన్నది మిగిలిన ప్రశ్న. శాఖా గ్రంథాలయానికి విడి ఖర్చు పెట్టుకునే స్వేచ్ఛ తక్కువ, పుస్తకాల కొనుగోలు నిర్ణయం జిల్లా గ్రంథాలయ సంస్థది. కొనుగోలు పద్దు కిందే ఉచిత అనుమతి ఉన్న కథల ముద్రణకు ఒక చిన్న మొత్తం విడిగా పెట్టమని నెల్లూరు, ఒంగోలు సంస్థలను పాఠకులు రాతపూర్వకంగా అడగొచ్చు. ఊరి పంచాయతీ ఈ ఏడాది ఎంత సెస్సు వసూలు చేసింది, ఎంత జమ చేసింది అన్న లెక్కను సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి తెలుసుకోవచ్చు. ఆ లెక్క చేతిలో పెట్టుకుని అడిగితే ప్రింటరు కొనడానికి డబ్బు లేదన్న మాట అంత తేలిగ్గా రాదు.